ఏడు స్క్రూల మహాసంగ్రామము

ఓ సభాసదులారా, చేతిలోని ఫోనులు బోర్లించి చెవులొగ్గి వినుడు! గ్రీష్మప్రచండమార్తాండుడు సూర్యాపేట డాబాలపై నిప్పులు చెరుగుచుండ, కూలర్లు కుయ్యో మొర్రో యని మూలుగుచుండ, ఒకానొక ఆదివారము మధ్యాహ్నమున, పదకొండు వేల వోల్టుల తీగలతో చెలగాటమాడు స్తంభారోహణధురంధరుడు, లైన్‌మన్ శిరోమణి పరశురాములు, తన నట్టింట పాత దుప్పటి పరచి, స్వహస్తములతో కంప్యూటరు నిర్మింప బాసింపట్టు వేసి కూర్చుండెను. లోకమంతయు రెడీమేడుది కొనుక్కొనుచుండ ఈయనకేమి పోయేకాలమని అడుగుదురా? నేనూ అదే అడిగితిని.

కారణము బావమరిది. కోదాడపురవాసియగు శివకుమారుడు నెల క్రితము ఫోను చేసి, “బావా, నేను షాపుకెళ్ళా, డబ్బా తెచ్చుకున్నా, ప్లగ్గు పెట్టా, వచ్చేసింది. స్తంభాలెక్కినంత తేలిక కాదు ఇది. నా మాట విని రెడీమేడ్ తెచ్చుకో” అనెను. ఆ పలుకు ములుకై గుండెలో దిగబడగా, మన వీరుడు మదర్‌బోర్డును సూర్యాపేటలో, ప్రాసెసరును శత్రుస్థావరమగు కోదాడలోనే, క్యాబినెట్టను లోహకవచమును మిర్యాలగూడలో సంపాదించి, ఆ కవచమును బస్సులో చంటిబిడ్డవలె ఒడిలో పెట్టుకొని, దానికీ టికెట్టడిగిన కండక్టరుతో వాగ్యుద్ధమొనర్చి ఇల్లు చేరెను. టికెట్టు మాత్రము కొనక తప్పలేదు.

సర్కారు బడి పంతులమ్మయగు అతని భార్య ఉమ గడపలో నిలిచి చల్లగా పలికెను. “సూడు, రేపు బడికి నాకు బొమ్మల పాఠం గావాలె. పొద్దుగూకేలోపు దీంట్ల బొమ్మ రాకుంటే, పాత సామాను బండి వస్తది గదా, మొత్తం ఉల్లిగడ్డలకు ఏస్త. ఇగ తమ్ముడు తెచ్చినసొంటిదే తెచ్చుకుంటం.”

“ఓ గృహలక్ష్మీ!” యని వీరుడు స్క్రూడ్రైవరును ఖడ్గమట్లు పైకెత్తెను. “పరహస్తవిరచితమైన యంత్రమును ప్లగ్గులో గ్రుచ్చుట పౌరుషమా? నేనెక్కని స్తంభమున్నదా? నేను కలుపని తీగయున్నదా? ఈ పరశురాములు బిగించిన స్క్రూ బ్రహ్మదేవునికైన ఊడదీయ తరమా?”

“ముందుగాల అన్నం తిను” అని ఉమ.

వీరుడు తినుచుండగా, మోతె నుండి వచ్చిన తల్లి ఐలమ్మ పసుపు కుంకుమల పళ్ళెముతో రంగప్రవేశము చేసెను. ఇంటికి కొత్తది ఏది వచ్చినను, గొర్రెపిల్ల గానీ గ్యాసు పొయ్యి గానీ ఫోను ఛార్జరు గానీ, ఆమె బొట్టు పడనిదే అది పనిజేయ వీల్లేదు. మదర్‌బోర్డును చూచి పెదవి విరిచి, ఫ్యానును చూచి తల పంకించి, అంచున బంగారు పళ్ళ వరుసగల ర్యామను సన్నని పట్టీని చేతికెత్తుకొని, “దీంట్ల బంగారమసొంటిది గిదొక్కటే ఉన్నది కొడుకా. లచ్చిమి గాడనే ఉంటది” అని ఆ పళ్ళకు తడి పసుపు నిండుగ పూసి, కుంకుమ దిద్దెను. వీరుడు చేయి కడుగుకొని వచ్చి మాతృదీవెనకు మ్రొక్కి, పసుపు ఆరిన పిదప ఆ పట్టీని అట్లే గాడిలో టక్కున బిగించెను.

అంతట స్విచ్చు వేసెను. ఫ్యానులు ఘూర్ణిల్లెను, దీపములు వెలిగెను, తెర మాత్రము అమావాస్య. లోపలినుండి పీక్ పీక్ పీక్ అని మూడు కూతలు వినబడెను. విప్పెను, బిగించెను, బెదిరించెను, బతిమాలెను. మరల మూడు కూతలే. పొద్దు వాలెను. వీధి మూలనుండి “పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు” అను మైకు ఘోష బయలుదేరగా, మెరుపులకు బెదరని ఆ గుండె జారి అరికాలిలో పడెను.

ఉమ వచ్చి పక్కన కూర్చుండెను. “ఏమేం ముట్టినవ్?”

“అన్ని. నాతోటి గాదేమో ఉమా” అనెను వీరుడు. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడామె బండిని పిలిచియుంటే కథ అక్కడే ఖతం. పిలువలేదు.

“మా బడి కంప్యూటర్ గిట్ల కూస్తే పట్టీ తీసి తుడుస్తం. గా పట్టీ తీయి.” తీసెను. ఆమె దానిని వెలుతురుకు పట్టి చూచి, “గిదేంది, దీనికి హల్దీ ఫంక్షన్ జేసిన్రా?” అని తన బడి సంచిలోనుండి, మూడో తరగతి తప్పులెన్నింటినో మాయము చేసి అరిగిపోయిన రబ్బరు ముక్కను దూసెను. ఒక్కొక్క పన్నే రుద్దుచుండెను.

“మెల్లగ తుడువు, లచ్చిమి పోతది” అని ఐలమ్మ.

“లచ్చిమిని డబ్బా మీద కూసోబెడుదాం అత్తమ్మా” అని ఉమ పట్టీని గాడిలో నొక్కెను.

స్విచ్చు. ఒకే ఒక్క పీక్. తెర భళ్ళున తెల్లవారెను!

పరశురాములు ఒక్కుమ్మడిగ లేచి, “కోదాడాధిపతీ, చూడుము నా భుజబలము” అని బావమరిదికి వీడియోకాలు చేసి గర్జించుచుండెను. రబ్బరు ప్రసక్తి ఎక్కడా రాలేదు. ఇంతలో బండి గుమ్మము ముందు ఆగెను. ఉమ దుప్పటి దులిపెను. గలగల రాలినవి ఏడు స్క్రూలు.

“మరి గివేంది?”

బ్రహ్మకైన తరము గాదన్న వీరుడు వీడియోకాలును టక్కున కట్టివేసెను. ఉమ ఆ ఏడింటిని పిడికిట పట్టి బండికడకు పోయి, కొంతసేపటికి తిరిగి వచ్చి, బదులు దొరికినదానిని విజేత అరచేతిలో పెట్టెను.

ఇట్లు మూడు పట్టణములు తిరిగి, ఒక పూటెల్ల పోరాడి, పరశురాములు గెలుచుకున్నది ఉల్లిగడ్డ ఒకటి, నడితరపుది. అతడే తరిగెను, కండ్ల నీళ్ళు ఉల్లిగడ్డవే అనెను.