బెల్మీరు గారి మూలముక్క

ఆదివారం పొద్దున్నే బెల్మీరు గడ్డం గీసుకుంటూ అద్దంతో సరసాలాడుతున్నాడు.

"తమకు శ్రమ కాకపోతే... దయచేసి... ఆ మూలముక్క ఇప్పించగలరా?"

తలుపు చాటున నిలబడ్డ భార్య గ్రాసియెట్ చెవులు రిక్కించింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి నోట 'దయచేసి' అన్న మాట విన్న పాపాన పోలేదు. ఇంట్లో ఆయనకి వచ్చినవి రెండే ముక్కలు: "సూపేదీ?", "ఉప్పేదీ?" మరి ఈ తేనె ఎవరి కోసం కలుపుతున్నట్టు? తెలుసుకోకపోతే ఆమెకి నిద్రపట్టదు. మధ్యాహ్నం ఆయన తమ బ్రాగా ఊరి బజారులోని హోటలుకి బయల్దేరితే తనూ వస్తానని వెంటపడింది.

అక్కడ బయటపడింది గుట్టు. వడ్డించే మీసాల అల్తీను ఎప్పటిలాగే అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు, గొర్రెపాల జున్ను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముట్టుకుంటే బిల్లులో పడతాయని ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. బెల్మీరు వాటిని మర్యాదగా పక్కకి జరిపి చేతులు జోడించినంత పనిచేశాడు.

"అల్తీను గారూ, తమకు శ్రమ కాకపోతే, ట్రేలో కాల్చిన బాతు మాంసం అన్నంలో కరకరలాడే ఆ మూలముక్క..."

మూలముక్క వచ్చింది.

ఇంటికి నడుస్తూ గ్రాసియెట్ అడిగింది. "ఆ మీసాల మనిషిలో ఉన్నదేమిటి, నాలో లేనిదేమిటి?"

"వాడు పరాయివాడు కదే! మన మధ్య మర్యాదలేంటే పిచ్చిదానా?"

ఆమె మనసు నిజంగానే చివుక్కుమంది.

మర్నాడు బెల్మీరు భోజనాల బల్ల ముందు కూలబడి "సూపేదీ?" అని కేకేశాడు.

గ్రాసియెట్ చేతి మీద తువ్వాలు వేసుకుని వచ్చింది. "క్షమించాలి దొరగారూ, తమకేం కావాలో సరిగ్గా వినపడలేదు."

"ఇదేం వేషమే?"

"మా దగ్గర మర్యాదగా అడిగినవాళ్లకే వడ్డిస్తాం. ఇవాళ బాతు అన్నం చేశాం మరి."

బెల్మీరు లోలోపల నవ్వుకున్నాడు. నోటి మాటేగా, పోయేదేముంది? "గ్రాసియెట్ గారూ, తమకు శ్రమ కాకపోతే మూలముక్క..." అని రాగం తీసి, ఆమె ఓవెన్ తెరిచి వచ్చేలోగా ఎదురుగా అడక్కుండానే పెట్టి ఉన్న రొట్టె, ఆలివ్ కాయలు, జున్ను ఊడ్చేశాడు.

ఒకటి కాదు, నాలుగు మూలలూ ఆయన కంచంలోకే వచ్చాయి. తిని బొజ్జ నిమురుకున్నాడు.

"చూశావా? రెండు తీపి మాటలకే పడిపోయావు!"

"బాతు అన్నం మా కానుక దొరగారూ. బిల్లు మాత్రం రొట్టె, ఆలివ్, జున్నులకే."

"వాటిని నేనడిగానా?"

"అడగలేదు. ముట్టుకున్నారా, లేదా?"

బెల్మీరు ఆలివ్ గింజల కుప్ప వంక చూశాడు. హోటల్లో జన్మలో చెయ్యని పొరపాటు సొంతింట్లో చేశాడు.

"ఇంట్లో బిల్లేంటే! ఏం కట్టాలి?"

ఆమె సింకు వైపు చూపించింది. నాలుగు మూలలా మాడి అంటుకుపోయిన బాతు అన్నం ట్రే అందులో నానుతోంది.

బెల్మీరు లేచాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. చుట్టూ వెతికాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"గ్రాసియెట్ గారూ, తమకు శ్రమ కాకపోతే... దయచేసి ఆ పీచు ఇప్పించగలరా?"

"తప్పకుండా దొరగారూ."

పీచు అందించి ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ 'దయచేసి' చెవికి ఎంత హాయిగా ఉందంటే, ఇంకోసారి వినాలనిపించి సబ్బు తన ఒళ్లోనే దాచుకుంది.