మొదటి వరుస

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండింటిలోగా ఫైళ్లు ముగించి, మామగారిని ఇంటికి తీసుకెళ్లాలి. ఆమె ఆసుపత్రి రికార్డుల గదిలో రోగుల ఫైళ్లలో జబ్బులకు కోడ్లు, అంటే గుర్తు అంకెలు, వరుసగా వేస్తుంది. మామగారు అదే ఆసుపత్రి రెండో అంతస్తులో అప్పటికే రక్తంలోకి పాకిన న్యుమోనియాతో చేరి, రెండు వారాలు అందరినీ హడలెత్తించి, ఇప్పుడు నర్సులకు మందులివ్వడం ఎలాగో నేర్పుతున్నారు.

కొత్త నిబంధన ఆ రోజే అమల్లోకి వచ్చింది. చేరేటప్పటికే న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్ రెండూ ఉంటే, ఇకమీదట రక్తంలోదే మొదటి వరుసలో రాయాలి. ఇన్నాళ్లూ న్యుమోనియా ముందుండేది. ఆమె బుద్ధిగా పందొమ్మిది ఫైళ్లలో వరుస మార్చింది.

ఆసుపత్రి కంప్యూటరేమో మొదటి వరుస తప్ప చదవదు. రక్తంలో ఇన్ఫెక్షన్ కేసులు నిన్న సున్నా, ఇవాళ పందొమ్మిది అంటూ సూపరింటెండెంటుకు ఎర్రక్షరాల్లో కబురు పంపింది. ఏదో అంటురోగం పాకిందనుకుని ఆయన ముందూ వెనకా చూడకుండా, ఆ రోగులంతా ఉన్న రెండో అంతస్తుకు తాళం వేయించారు. లోపలికి వెళ్లినవాళ్లు ఉత్తర్వు వచ్చేదాకా బయటికి రాకూడదు. నీళ్ల ట్యాంకులు ఖాళీ చేయించారు, క్యాంటీన్ మూయించారు.

రికార్డుల గది పెద్దసారు పరుగున వచ్చారు.

"కొంప ముంచావు కదమ్మా!"

"మీరు పంపిన కాగితంలో ఉన్నదే చేశాను సార్."

"కాగితాలు ఫైల్లో పెట్టుకోడానికమ్మా, పాటించడానికా? పాత వరుసకి మార్చెయ్. తాళం తీసేస్తారు, మీ మామగారు ఇంటికెళ్తారు."

పొద్దున్నే కోడలు ఇంట్లో ఆయన మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి వచ్చింది. అయినా చేతులు కట్టుకుని కూర్చుంది.

"మార్చను సార్. ఆయన ప్రాణం మీదికి తెచ్చింది రక్తంలో ఇన్ఫెక్షనే. దాన్ని కింద దాచిపెట్టి ఆయన్ని తీసుకెళ్లను. ఆ తాళం ఎంతసేపుంటుందో నేనూ చూస్తా."

ఈమెతో కాదని పెద్దసారు రెండో అంతస్తుకు ఉరికి, కాపలామనిషిని తోసుకుని లోపలికి దూరారు.

"పెద్దాయనా, మీ కోడలికి కాస్త చెప్పండి. వరుస మారిస్తే మీరు ఇంటికే!"

"చావు దాకా వెళ్లొచ్చాను బాబూ. దాన్ని ఉత్త దగ్గు కింద రాసేస్తానంటే ఊరుకుంటానా? మా కోడలు రాసిందే ఖాయం. నేనిక్కడే ఉంటా," అన్నారు మామగారు, దిండు సర్దుకుంటూ.

పెద్దసారు వెనుదిరిగేసరికి కాపలామనిషి తలుపుకు అడ్డంగా ఉన్నాడు.

"బయటికి పంపకూడదు సార్."

"నేను రోగిని కాదయ్యా!"

"ఆ మాట కంప్యూటర్ చెప్పాలి సార్."

పెద్దసారు కోడలికి ఫోన్ చేశారు. "వరుస మార్చు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

"మార్చను. జబ్బులు పాతవే, నిబంధనే కొత్తదని సూపరింటెండెంటుగారికి మీరే రాసివ్వండి."

ఇన్నేళ్లలో ఏ కాగితం మీదా సొంతంగా సంతకం పెట్టి ఎరగని మనిషి, మందుల చీటీ వెనక నాలుగు ముక్కలు రాసి, సంతకం గీకి, తలుపు కిందనుంచి తోశారు. పావుగంటలో ఉత్తర్వు వచ్చింది. కోడలు మామగారి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఉత్తర్వు ప్రకారం పందొమ్మిది మంది రోగులకూ దారి వదిలారు. పెద్దసారు పేరు మాత్రం అందులో ఏ వరుసలోనూ లేదు.