రజాక్ చూపిస్తానన్న ఎర్రాకులు

గురువారం పొద్దున టీ తాగుతూ అబ్దుల్ రజాక్ గోడ మీది కాలెండరు వైపు చూసి, ఆదివారం కాలనీ వెనక కొండెక్కుదామని భార్యతో అన్నాడు. ఆ కాలెండరు వయసు ఇరవైరెండేళ్ళు, వాళ్ళ పెళ్ళి వయసే. తేదీలు ఎప్పుడో చిరిగిపోయాయి. మిగిలింది బొమ్మ: కాశ్మీరులో ఒక చెట్టు, దాన్నిండా ఎర్రటి ఆకులు, కింద ఒక బెంచీ. ఆ బెంచీ మీద కూర్చోబెడతానని పెళ్ళయిన వారానికే నూరున్నీసాకి మాటిచ్చాడు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో తాళాలు బాగుచేసే మనిషికి కాశ్మీరు ప్రతి ఏడూ వచ్చే ఏడే అయింది. ఈలోగా ఆమె మోకాళ్ళు అరిగాయి. ఇక ఎక్కడాలు దిగడాలు తగ్గించమన్నాడు డాక్టరు.

"ఎర్రాకులు సూపిత్తాను" అన్నాడు రజాక్.

"ఈ కొండ మీదేటి?"

"పైకెక్కితే ఉన్నాయి."

అబద్ధమేం కాదు. కొండ కింద ఒక కంపెనీవాళ్ళ ఇనప ఖనిజం యార్డు ఉంది. గాలి ఎటు తిరిగితే ఎర్రదుమ్ము అటు. వేపయినా జీడిమామిడయినా కొండ మీద ఆకన్నది ఎర్రగానే ఉంటుంది. సూర్యుడు పొడిచే వేళ, నాలుగు బారల దూరంలో నిలబెట్టి చూపిస్తే కాశ్మీరుకీ దీనికీ తేడా ఎవడు కనిపెడతాడు? దగ్గరికి పోనివ్వకుండా చూసుకుంటే చాలు. సిగ్గుమాలిన పథకమని అతనికీ తెలుసు. కానీ ఇచ్చిన మాటకి ఇరవైరెండేళ్ళు, మోకాళ్ళకి ఇంకెన్నాళ్ళో తెలీదు. నూరున్నీసా మాత్రం మంచం కిందనుంచి కాన్వాసు బూట్లు తీసి దులిపింది.

వీధి చివర తాతబాబు ఇడ్లీబండి దగ్గర ఆదివారం తెల్లారకముందే రెండు పొట్లాలు కావాలని చెప్పాడు రజాక్. ఎందుకని అడిగితే, కొండెక్కి ఆకులు చూపించాలి అన్నాడు. ఎవరికని తాతబాబు అడగలేదు. ఆ దుమ్ము మీద తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెట్టి పెట్టి చెయ్యి పడిపోయిన మనిషి ఆయన. ఆ కొండ ఆకులు ఎవరికి చూపిస్తారు, లోకానికి కాక! సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో పడింది: ఆదివారం ఐదింటికి రజాక్ బావ కొండెక్కుతున్నాడు, ఆకులు చూపిస్తాడు, అందరూ రావాలి. రాత్రయ్యేసరికి ఒక టీవీ చానల్ కూడా వస్తానంది. గ్రూపులో లేనివాడు రజాక్ ఒక్కడే.

ఆ కబురు అంది, శుక్రవారం యార్డు ఆఫీసరు కామరాజు మార్కెట్లో తాళాల కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు. మీకేం కావాలో చెప్పండి, మాట్లాడుకుందాం అన్నాడు. రజాక్‌కి ఏమీ అర్థం కాలేదు. ఇంత పెద్ద మనిషి అడిగాడు కదా అని మనసులో ఉన్నది చెప్పేశాడు.

"నాకేటీ వద్దు సార్. ఆదివారం దాకా ఆ ఆకులు ఎవులూ ముట్టుకోకుండా ఉంటే సాలు."

కామరాజు నుదురు తుడుచుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా గేటు ముందు ఎందరో అరిచారు. ఇంత నెమ్మదిగా ఎవడూ బెదిరించలేదు.

శనివారం మధ్యాహ్నం కంపెనీవాళ్ళ నీళ్ళ ట్యాంకర్లు ఆరు కొండ దారి పట్టాయి. పెద్ద పైపులతో చెట్టు చెట్టుకీ తలంటుతున్నారు. కబురు విని రజాక్ చెప్పులు లేకుండా పరుగెత్తి మొదటి ట్యాంకరుకి అడ్డంగా నిలబడ్డాడు. కడక్కండి బాబూ, ఒక్క రోజు ఆగండి అని చేతులు జోడించాడు. నీళ్ళధార వచ్చి నెత్తిన పడింది. వెనకే వచ్చిన జనం ఫోన్లు ఎత్తారు.

"సూసారా, సాక్ష్యం సెరపనివ్వడంట" అన్నాడు తాతబాబు, కళ్ళొత్తుకుంటూ.

తడిసిన రజాక్‌ని భుజాల మీద ఇంటికి చేర్చారు. దుమ్ము పోవద్దని మొక్కుకున్న మగాడు విశాఖపట్నం మొత్తానికి అతనొక్కడే. అతనే నాయకుడు.

ఆదివారం కొండెక్కింది ఇద్దరు కాదు, ఎనభై మంది. పైకి చేరేసరికి తెల్లారింది. కొండంతా పచ్చగా, తళతళలాడుతూ ఉంది. చూపించడానికి ఒక్క ఎర్రాకు లేక టీవీవాళ్ళు దిగిపోయారు. మిగిలినవాళ్ళు ఏ చెట్టు ఏదో గుర్తుపట్టలేక చేత్తో తడిమి చూసుకుంటున్నారు. తాతబాబు ఒక ఆకు నలిపి వాసన చూసి, ఇది జీడిమామిడేనా అని నలుగురిని అడిగాడు.

రజాక్ తల ఎత్తలేదు. "నానేదో సూపిద్దామనుకున్నాను" అన్నాడు.

"దుమ్మని నాకు తెల్దేటండీ? రోజూ దాన్ని ఉతుకుతన్నది నానే కదా" అంది నూరున్నీసా.

తెలిసీ ఈ మోకాళ్ళతో ఎందుకొచ్చావన్నాడు.

"మీరు రమ్మన్నారు. ఇన్నాళ్ళకి."

అతను బండరాయి మీద తువ్వాలు పరిచాడు. ఆమె బూట్లు విప్పి కూర్చుంది. దూరంగా సముద్రం. పొట్లాలు విప్పుకుని, చల్లారిన ఇడ్లీలు ఇద్దరూ నెమ్మదిగా తిన్నారు.

పదిహేను రోజులకి కొండ మళ్ళీ ఎర్రబడింది. నూరున్నీసా బట్టలు ఆరేస్తూ పైకి చూసి, ఆదివారం మళ్ళీ ఎక్కుదాం, తాతబాబుకి చెప్పి రమ్మంది. రజాక్ వెంటనే చెప్పులేసుకున్నాడు. చెప్పడం వరకే అతని పని, కడగడం కంపెనీవాళ్ళు చూసుకుంటారు.