మరొక్క మాట చెప్పి ముగిస్తాను

సభల్లో ఎవరూ వినని మాటలన్నీ సహారా ఎడారిలో ఇసుకై పడతాయి కాబట్టి, అక్కడి తువారెగ్ జాతివాళ్ళ సంగీతోత్సవానికి కాకినాడలోని ఒక సాంస్కృతిక సమితి తన తరఫున వేమవరపు భానుమూర్తిని పంపడం అన్నివిధాలా సబబే. ఆ ఎడారిలో సమితి వాటా తక్కువేమీ కాదు.

భానుమూర్తి సమితిలో వందన సమర్పణ చేసే మనిషి. ఆయన మైకు ముందుకొచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు, షామియానావాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ ఉంటారు. అయినా ఆయన ఏ ఒక్కరినీ వదలకుండా పేరుపేరునా ధన్యవాదాలు చెప్పేవాడు. ఒక్కసారి నిండు సభలో మాట్లాడాలని ఆయనకు ప్రాణం కొట్టుకునేది. అందుకే జేబులో ఉపన్యాసం, సంచిలో శాలువా పెట్టుకుని ఒంటె దిగాడు.

ఎదురొచ్చిన అఖమదు నిలువెత్తు నీలి బట్టల మనిషి. తలపాగా కొంగు ముక్కూ నోరూ కప్పేయగా కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చిన్నప్పటి నుంచి తెలుగు ఇసుక ఊడుస్తున్నాడు గనుక తెలుగు బాగా వచ్చు. కాకపోతే సభల తెలుగే వచ్చు.

“విచ్చేసిన తమకు సాదర స్వాగతం,” అన్నాడు. “ఎదురుగా ఉన్న ఆ ఇసుక తిన్నె తమరిదే.”

“నాదేంటండీ బాబూ?”

“తమరి వందన సమర్పణలు. ఏటికేడు పెరిగి బావి గట్టు దాకా వచ్చింది. మరొక్క ప్రసంగం పడితే బావి పూడిపోతుందని సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ చుట్టుపక్కల వేరే నీళ్ళు లేవు.”

భానుమూర్తి గుప్పెడు ఇసుక తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ‘మైకు సెట్టు సమకూర్చిన మిత్రులకు...’ అంటూ సన్నగా తన గొంతే. విన్నంత మేరా ఇసుక అరచేతిలోంచి మాయమైంది.

“వింటే పోతుంది. అంత ఓపిక మా దగ్గర లేనందుకు చింతిస్తున్నాను,” అన్నాడు అఖమదు.

భానుమూర్తికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇంత పెద్ద తిన్నె! ఒక్కడంటే ఒక్కడు వినలేదన్నమాట. అయినా ఇక్కడ నిండు సభ ఉంది, వింటారు, విన్న మాట ఇసుక కాదు కదా అని జేబు తడుముకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఉత్సవం మొదలైంది. జ్యోతి వెలిగించలేదు, అతిథుల్ని వేదిక మీదికి పిలవలేదు, అసలు వేదికే లేదు. రోటికి మేకతోలు బిగించి ఆడవాళ్ళు దరువేస్తుంటే ఒంటెలు వాళ్ళ చుట్టూ వయ్యారంగా తిరిగాయి. ఆ తర్వాత ఫాదిమాత అనే పెద్దావిడ ఇమ్‌జాద్‌ను ఒళ్ళో పెట్టుకుంది. సొరబుర్రకు తోలు కప్పి ఒకే ఒక్క తీగ కట్టిన వాద్యం అది. ఆడవాళ్ళే వాయిస్తారు. అది మోగినంతసేపూ మగవాళ్ళు నోరు మెదపరు.

కమాను తీగను తాకగానే ఎడారి ఎడారంతా ఊపిరి బిగబట్టింది. దూరాన ఉన్న తిన్నెలు జరిగి దగ్గరగా వచ్చి కూర్చున్నాయి. భానుమూర్తికి ఒళ్ళు గగుర్పొడిచింది. తన వంతు ఎప్పుడొస్తుందా అని చూడకుండా ఒకరిని వినడం ఆయనకు జన్మలో ఇదే మొదలు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

వాద్యం ఆగగానే అలవాటు కొద్దీ శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పబోయాడు. అక్కడ మగవాడు విప్పిన గుడ్డ పట్టుకుని నిలబడ్డాడంటే తలకు చుట్టుకోవడం చేతకాలేదని అర్థం. ఫాదిమాత జాలిగా నవ్వి, శాలువాను ఆయన తలకే చుట్టి, జరీ అంచును నోటి మీదుగా బిగించి కట్టింది. జనమంతా ఆయన వంకే చూస్తున్నారు. నిండు సభ. భానుమూర్తి ఉపన్యాసం ఉన్న జేబులోంచి చెయ్యి తీసేసి కింద కూర్చున్నాడు.

అంతలో ఆకాశం నుంచి ఇసుక దిగింది. సరిగ్గా బావి మీదే, ధారగా. భానుమూర్తి పరుగెత్తి దోసిలి పట్టాడు. కాకినాడ గొంతులే! విదేశీ గడ్డ మీద తెలుగు కీర్తిని చాటిన భానుమూర్తి గారికి అభినందన సభట.

“ఎవరు మాట్లాడుతున్నారని ఫాదిమాత అమ్మగారు అడుగుతున్నారు,” అన్నాడు అఖమదు.

“మావోళ్ళేనండీ. నన్ను పొగుడుతున్నారండీ.”

“శ్రోతలు వింటున్నారా?”

“ఇసక పడతంది కదండీ!”

ఇక తానే వినాలి. భానుమూర్తి బావి గట్టున గొంతుక్కూర్చుని చెవి ఒగ్గాడు. ధార సన్నబడింది. అడుగున నీళ్ళు మళ్ళీ తళుక్కుమన్నాయి. ఫాదిమాత రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. పైన అధ్యక్షులవారు మరొక్క మాట చెప్పి ముగిస్తానన్నారు.

అన్నీ తన గురించి చెబుతున్న మంచి మాటలే. అయినా భానుమూర్తికి ఆవలింత వచ్చింది. ధార మళ్ళీ లావెక్కింది.

ఆడవాళ్ళు లేచి గుడారాల తాళ్ళు విప్పసాగారు.