చీనీకాయ కారు

కాఫీ తాగి, ఖాసిం షెడ్డుకు పోయి, రంగు వేసిన కారు తెచ్చుకుని, పది గంటలకల్లా చింతపండు మండీ తెరవాలి. ఆ సోమవారం పొద్దున ముత్యాలప్ప వేసుకున్న పథకం ఇంతే. హిందూపురంలో ఇంతకంటే చిన్న పథకం ఎవరూ వేయలేరు. అది పూర్తి కావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది.

కారు పాత అంబాసిడర్. బెంగళూరులో ఒక డాక్టరు చాలాకాలం వాడి, విసిగి, అమ్మేసినది. దానికి ఇప్పుడు కొత్త రంగు ఎందుకంటే, ధర్మవరంలో పెళ్ళి. ముత్యాలప్ప భార్య సుశీలమ్మకు అక్క అంజనమ్మ. పెళ్ళికొడుకు ఆమె కొడుకు. అతన్ని మెరవణిలో, అంటే ఊరేగింపులో, ఎవరి కారులో కూర్చోబెట్టాలన్నది ఇంకా తేలలేదు. పెనుకొండలో కంట్రాక్టులు చేసే జయరాముడు, ఈ అక్కాచెల్లెళ్ళకు తమ్ముడు, తన ఫియట్ సిద్ధమన్నాడు. మేనమామ కారా, చిన్నాయన కారా? "చూసేదానికి యాది బాగుంటే అది" అని అంజనమ్మ తీర్పు వాయిదా వేసింది.

ముత్యాలప్పకు ఇది చిన్న విషయం కాదు. పద్దెనిమిదేళ్ళుగా అత్తగారి వైపు ఏ పెళ్ళికి పోయినా ఆయనకు అప్పగించే పని ఒకటే: వంటశాల దగ్గర కుర్చీ వేసుకుని మజ్జిగ కాపలా కాయడం. ఈ ఒక్కసారైనా మెరవణికి ముందుండాలని ఆయన కోరిక.

షెడ్డులో కారు ముదురు ఎరుపులో నిగనిగలాడుతోంది, వీధిలోంచి చూస్తే. దగ్గరికి పోయి బానెట్ మీద చేయి వేసేసరికి అరచేతికి బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నసన్న గుంతలు తగిలాయి.

"ఏమప్పా ఖాసిం, ఇదేంది? చీనీకాయ తొక్క మాదిరి ఉండాది."

"నేను చెప్తిని గదన్నా. గాలి పోనీ, ఎండ తగ్గనీ అంటి. ఈ పొద్దే కొట్టల్ల అంటిరి. రంగు కారు మీద పడేలోపలే సగం గాల్లో ఆరిపాయ. పైగా దండిగా కొట్టు, ఇంకా దండిగా కొట్టు అంటిరి."

అన్నీ తను అన్న మాటలే కాబట్టి ముత్యాలప్ప వాటిని విననట్టు, టైరును కాలితో తన్ని చూశాడు.

సరిగ్గా అప్పుడే జయరాముడు సిమెంటు కోసం ఊళ్ళోకి వచ్చి, షెడ్డు ముందు ఫియట్ ఆపాడు. బావ కారును మెల్లగా తడిమాడు.

"బావా, ఒలుచుకొని తినేదానికి బాగుండాది."

అతని ఫియట్‌కూ రంగు వేసింది ఖాసిమే. అదే గొట్టంతో, అదే గాలిలో, ముందు రోజు. కానీ జయరాముడు తన కారును తడిమి చూసుకునే మనిషి కాడు. సాయంత్రానికి 'చీనీకాయ కారు' అన్న పేరు ధర్మవరం చేరింది. కారు ఇంకా షెడ్డు దాటలేదు.

దాన్ని ఇంటికి తెచ్చాక ముత్యాలప్ప తల్లి నల్లమ్మవ్వ కూడా ఒకసారి తడిమింది. లోపలికి పోయి, వేపమండ తెచ్చి ముందు అద్దానికి కట్టింది.

"అమ్మవారు పోసింది నాయనా. మూడు దినాలు బయటికి తీయద్దు."

అంతకంటే శాస్త్రీయమైన మార్గం ఖాసిం చెప్పాడు. ఇలాంటి రంగును నునుపు చేయడానికే ప్రత్యేకంగా మెత్తలుంటాయట. అతని బామ్మర్ది హుస్సేన్ కువైట్‌లో ఆ పనే చేస్తున్నాడు, వచ్చేవారం సెలవులో వస్తున్నాడు. వచ్చాడు. మెత్తలు తెచ్చాడు. జొన్నరొట్టె అంత వెడల్పు, మధ్యలో బొక్క. ఒకటి గొర్రెబొచ్చుది, రెండోది పసుపు స్పాంజి, మూడోది చెంప మాదిరి మెత్తటి నల్ల స్పాంజి.

"డ్రిల్లు మిషనుకు తగిలించి, మందు పూసి తిప్పితే గుంతలు పోతాయన్నా," అన్నాడు హుస్సేన్. "ముందు బొచ్చుది, కడాకు నల్లది. దుమ్ము మాత్రం తగలకూడదు. ఒక్క ఇసుక రేణువుంటే చాలు, రంగును దున్నేస్తాది."

ఖాసిం మెత్తలను డబ్బాలో పెట్టి మూత వేయబోయాడు. ముత్యాలప్ప ఒప్పుకోలేదు. షెడ్డంతా దుమ్మే. పైగా ఖాసిం వాటిని ఏ లారీకో రుద్దడని నమ్మకమేమిటి? కరెంటు సరిగ్గా వచ్చేది గురువారం. అంతవరకూ తన ఇంట్లోనే భద్రంగా ఉంటాయని, తుండులో చుట్టి తీసుకుపోయి, నడవలో గూట్లో పెట్టి, ఎవరికీ చెప్పలేదు. రహస్యం కంటే గట్టి తాళం లేదని ఆయన అభిప్రాయం.

ఎవరికీ చెప్పలేదు కాబట్టి నల్లమ్మవ్వకూ చెప్పలేదు. గుండ్రంగా, మెత్తగా, మధ్యలో బొక్కతో ఉన్న వస్తువుకు ఆమె ఎరిగిన ఉపయోగం ఒక్కటే: కుండ ఒరగకుండా కింద పెట్టే కుదురు. పెరట్లో ఇసుక మీద ఒరిగి ఉన్న మూడు నీళ్ళ కుండలనూ ఎత్తి, వాటి కింద మూడు కుదుర్లూ వేసి, నిశ్చింతగా వక్కాకు నమిలింది.

గురువారం పొద్దున ముత్యాలప్ప వాటిని వెతికి కనుక్కునేసరికి, అవి కుండల కింద చేరి రెండు రోజులైంది.

"అమ్మా, ఇవి కువైట్ నుంచి వచ్చినవి."

"అందుకే ఇంత బాగుండాయి. చూడు, ఒక్క కుండ గూడా ఊగల్యా."

ఇప్పుడు ఖాసింకు నిజం చెప్పాలి. చెబితే అతను "నేను చెప్తిని గదన్నా" అంటాడు. ఆ మాట రెండోసారి వినడం కంటే ముత్యాలప్పకు మెత్తలను నీళ్ళలో జాడించి, గోడకు నాలుగుసార్లు కొట్టి, ఎండలో ఆరేసి, తుండులో చుట్టి ఇవ్వడం సులువనిపించింది.

ఖాసిం మిషను తిప్పాడు. నిమిషంలో ఆపాడు. బానెట్ మీద గుంతలు గుంతలుగానే ఉన్నాయి. వాటి పైన చక్రాలు, చక్రాలలో చక్రాలు. మెత్తను వేళ్ళతో పిండితే అరచేతిలో ఇసుక రాలింది.

"ఇది యాడి ఇసుకన్నా?"

"ఎడారి దేశం గదప్పా," అన్నాడు ముత్యాలప్ప. "ఆడిదే అయ్యుంటాది."

హుస్సేన్ ముఖం మాడిపోయింది. ఖాసిం బామ్మర్దిని ఎగాదిగా చూశాడు. "వాడి పారేసినవి తెచ్చి కొత్తవని చెప్తివా?" "సీలు నీ ముందరే తీస్తిని గదా బావా?" మాట పెరిగింది. హుస్సేన్ పెట్టె సర్దుకుని రొళ్ళలో చిన్నాయన ఇంటికి పోయాడు. ఖాసిం భార్య ఖాజాబీ, తమ్ముణ్ణి దొంగను చేసినందుకు మొగుడికి రెండు పూటలు సంగటి చేయలేదు. ముత్యాలప్పకు ఇదంతా చూసి బాధ కలిగింది. నోరు తెరిచేంత బాధ మాత్రం కాదు.

మూడోరోజు ఖాజాబీ తన గోడు చెప్పుకోవడానికి సుశీలమ్మ దగ్గరికే వచ్చింది. దాహమంటే నల్లమ్మవ్వ చెంబుతో నీళ్ళిచ్చింది.

"కుండ ఒరిగింది, చూసుకోని పోమ్మా. మంచి కుదుర్లుండె. కువైట్‌వి. మావాడు ఎత్తకపాయ."

ఖాజాబీ చెంబు కింద పెట్టింది. సుశీలమ్మ ఇసుక వైపు చూసింది. తడి ఇసుకలో మూడు గుండ్రటి అచ్చులు, జొన్నరొట్టె అంతవి, ఇంకా చెదరలేదు.

ఆ సాయంత్రం ఖాసిం వచ్చి మెత్తలు మూడూ నల్లమ్మవ్వ చేతిలో పెట్టాడు. "కారుకు పనికిరావవ్వా, కుండలకు పెట్టుకో." తరువాత ముత్యాలప్ప వైపు తిరిగి, తీరిగ్గా, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాడు.

"నేను. చెప్తిని. గదన్నా."

హుస్సేన్‌ను బతిమాలి తీసుకురావడానికి ముత్యాలప్ప స్వయంగా రొళ్ళకు బస్సులో పోవాల్సి వచ్చింది. కారు బయటికి తీసే స్థితిలో లేదు. తిరిగొచ్చిన హుస్సేన్ దగ్గర వేరే మెత్తలు లేవు. రొద్దం నుంచి గొర్రెబొచ్చు కంబళి తెప్పించి, గుండ్రంగా కత్తిరించి, పొరలు పొరలుగా కుట్టాడు. వాటితో చక్రాలు పోయాయి. బానెట్ నునుపయ్యేసరికి తలుపులు గరుకుగా కనిపించాయి. తలుపులయ్యేసరికి పైకప్పు. కరెంటున్నప్పుడు మిషను, లేనప్పుడు చేతులు.

"కడా మెరుపుకు మాత్రం కంబళి చాలదన్నా. నల్ల స్పాంజి అంత మెత్తటిది కావల్ల. పట్టుగుడ్డ ఏమన్నా ఉండాదా?"

సుశీలమ్మ పెట్టెలో ధర్మవరం పట్టుచీర ఒకటుంది. అంజనమ్మ తన గృహప్రవేశానికి పెట్టింది. దాన్నే కట్టుకుని పెళ్ళికి పోవాలని సుశీలమ్మ ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. ముత్యాలప్ప ఆలోచించాడు. చీరలో లోపలికి దోపుకునే కొస ఎవరికీ కనపడదు. కనపడని దాన్ని కత్తిరిస్తే కనపడదు గదా. ఒకటిన్నర గజం కత్తిరించాడు.

పెళ్ళిరోజు పొద్దున సుశీలమ్మ ఆ చీర చుట్టుకుంటే కొంగు భుజం దాకా వచ్చి ఆగింది. ఆమె చీర లోపలి కొస బయటికి లాగి, కత్తెర పడ్డ చోటు తడిమింది. కిటికీలోంచి కారును చూసింది. అందులో వేపచెట్టు, కరెంటు తీగ, తీగ మీద కాకి స్పష్టంగా కనిపించాయి.

"బాగా మెరుస్తాండాది," అంది. "కొంగు గూడా దానికే కప్పండి."

ధర్మవరంలో అంజనమ్మ చెల్లెలిని వాకిట్లోనే ఆపింది. "నేను పెట్టిన చీర కట్టుకోలేదేమ్మే? జయరాముడి పెండ్లాం చూడు, నేను పెట్టిందే కట్టుకొనొచ్చింది."

"మా ఇంటాయన్ను అడుగక్కా. ఆయనకే బాగా తెలుసు."

ముత్యాలప్ప వినకుండా కారు దగ్గరికి పోయాడు. అక్కడ మర్యాద జరుగుతోంది. జనం చుట్టూ చేరి ఎర్రటి తలుపుల్లో తల దువ్వుకుంటున్నారు. చీనీకాయ మాట ఎవరి నోటా రాలేదు. జయరాముడు కూడా మీసం సవరించుకుని, "అద్దమే బావా," అని ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ మజ్జిగ ముత్యాలప్ప కళ్ళ ముందు కరిగిపోయింది.

సాయంత్రం పూల అలంకారానికి కుళ్ళాయప్ప వచ్చాడు. కనకాంబరాలు అల్లిన జల్లి బానెట్ మీద పరిచాడు. అది మెల్లగా జారి బంపరు మీద పడింది. మళ్ళీ పరిచాడు. మళ్ళీ జారింది.

"ఏమప్పా, ఇంత నున్నగా ఉంటే పూలెట్ల నిలబడతాయి? మైదా బంక పూస్తా ఉండు. తీగతో ఇట్ల రెండు చుట్లు బిగిస్తా."

"బంక వద్దు. తీగ వద్దే వద్దు," అని ముత్యాలప్ప బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "గీతలు పడతాయి. ఇరవై ఆరు దినాలు పట్టింది దీన్ని ఇట్ల చేసేదానికి."

"అద్దానికి పూలు ఎవురన్నా కడతారాప్పా?"

కుళ్ళాయప్ప పక్కనున్న ఫియట్ దగ్గరికి పోయి, దాని మీద అరచెయ్యి పెట్టి రుద్ది చూశాడు. అతని ముఖం వెలిగింది.

"ఇదీ కారంటే. చీనీకాయ తొక్క మాదిరి ఉండాది. వేసింది వేసినట్టు పట్టుకుంటాది."

జయరాముడు మొదటిసారి తన కారును తడిమి చూసుకున్నాడు.  అంజనమ్మ అప్పటికే చీర సంగతి చెల్లెలి దగ్గర పూర్తిగా రాబట్టి బయటికి వస్తోంది.

"జయరాముడి కారు కట్టు కుళ్ళాయప్పా," అంది. ఆమె మరిది వైపు చూసింది. "ముత్యాలప్పా, మెరవణి వెనక మజ్జిగ కుండలు రావల్ల. నీ డిక్కీ పెద్దది గదా."

మూడు మజ్జిగ కుండలూ డిక్కీలోకి ఎక్కాయి. హిందూపురం నుంచి సంచిలో తెచ్చుకున్న కువైట్ కుదుర్లు నల్లమ్మవ్వ తన చేత్తోనే వాటి కింద సర్దింది. ఊరేగింపు కదిలింది. ముందు పూలలో మునిగిన ఫియట్, కడాన అద్దంలాంటి అంబాసిడర్. ధర్మవరం వీధుల్లో ఉన్న గతుకులన్నీ పడ్డాయి.

ఒక్క కుండ కూడా ఊగలేదు.