పావుగంట నోరు మెదపకండి

ఆ రోజు లెక్కల టీచర్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఐదు రోజుల వేసవి శిక్షణకు అదే ఆఖరి రోజు. పదకొండింటికల్లా మాస్కు తయారుచేసి ఇచ్చెయ్యాలి, పదకొండున్నరకు సంతకం పెట్టి బయటపడాలి, పన్నెండు గంటల బస్సుకు భర్తతో కలిసి చెల్లెలి ఊరు వెళ్ళాలి.

"మీరు రెండు సంచులూ పట్టుకుని బస్టాండులో ఉండండి. నేను వచ్చి ఎక్కడమే తరువాయి," అంది చెప్పులు వేసుకుంటూ.

"ఆలస్యమైతే?" అన్నాడు భర్త.

"నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదని ఒప్పుకోవడం ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతి. ఆయన ఒప్పుకున్నాడు.

బొమ్మలు, పాటలు, నాటకాలతో పాఠాలు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పడం ఆ శిక్షణ ఉద్దేశం. నేర్పేది ఒక నాటకాల మాస్టారు. ఆ ఉదయం ఆయన అందరినీ ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టారు. ఎముక విరిగితే కట్టే ప్లాస్టర్ గుడ్డను ముక్కలుగా కత్తిరించి, తడిపి, ఎదుటివారి ముఖం మీద ఎలా అతికించాలో, గట్టిపడ్డాక మాస్కులా ఎలా ఊడదియ్యాలో వివరించారు. "అన్నిటికంటే ముందు కనుబొమలకూ మీసాలకూ వ్యాజలీన్ దట్టంగా పట్టించాలి. మరిచారా, ఇక అంతే సంగతులు!" అని ఆయన హెచ్చరిస్తున్న సమయానికి లెక్కల టీచర్ వరండాలో నిలబడి, కిటికీ పక్క సీటు గురించి భర్తకు ఫోనులో చెబుతోంది. ఆమె లోపలికి వచ్చేసరికి మాస్టారు పాటల బృందాన్ని చూడడానికి పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

ఆమెకు జంటగా ఎవరూ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఒత్తయిన మీసాల పెద్దమనిషి ఒకరు వెనక తలుపు తోసి లోపలికి తొంగిచూశారు.

"ఇప్పుడా రావడం? రండి, ఈ కుర్చీలో కూర్చోండి," అంది లెక్కల టీచర్.

"అంటే, నేను..."

"కారణాలు తరవాత చెబుదురు గాని. కళ్ళజోడు తియ్యండి. తల వెనక్కి వాల్చండి. పావుగంట నోరు మెదపకండి."

ఆయన ఎవరో ఆమె అడగలేదు. మనం చెప్పుకుందాం. ఆయన విద్యాధికారి. ఈ శిక్షణ వట్టి దండగని తేల్చేసి, రద్దు చేసేముందు ఎవరికీ తెలియకుండా ఒకసారి చూసిపోదామని వెనక గేటు నుంచి నడుచుకుంటూ వచ్చారు. ఆఫీసు గుమాస్తా రహస్యంగా కబురు అందించడంతో, ముందు గేటు దగ్గర హెడ్మాస్టరు పూలగుత్తి పట్టుకుని తొమ్మిదింటి నుంచీ నిలబడే ఉన్నారు. తానెవరో తెలియకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదనుకుని అధికారి తల వెనక్కి వాల్చారు. తడిగుడ్డ పెదవుల మీద పరుచుకున్నాక గాని, ఇక వద్దనడానికి కూడా వీల్లేదన్న సంగతి ఆయనకు బోధపడలేదు.

లెక్కల టీచర్ చేతులెంత చురుకో నోరూ అంతే. "నేనూ మొదట్లో ఇదంతా వేళాకోళం అనుకున్నానండీ. సౌష్ఠవం పాఠానికి బోర్డు మీద ఒక గీత గీసి, అటూ ఇటూ సమానం అని చెప్పేసేదాన్ని. పిల్లలు తలూపేవాళ్ళు. మొన్న ఇక్కడ నా ముఖం నేనే గీసుకుంటే తెలిసింది, నా ఎడమ కనుబొమ కాస్త పైకుందని! ఇన్నేళ్ళు అద్దంలో చూసుకుంటూ కూడా కనిపెట్టలేదు. ఆ పాఠం ఇక జన్మలో మరిచిపోతానా?"

"మ్మ్," అన్నారు అధికారి.

"కదా! అయినా మన అధికారిగారు దీన్ని ఎత్తేస్తారట. వచ్చి ఒక్క పూట కూర్చుంటే కదా తెలిసేది? కుర్చీ వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం కాబోలు."

"మ్మ్! మ్మ్!"

"మీరూ నా మాటే అంటున్నారు, సంతోషం. కదలకండి."

అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. ఆమె తీసింది. అవతల ఆఫీసు గుమాస్తా.

"సార్ ఉన్నారా అండీ?"

"ఉన్నారు గాని మాట్లాడలేరు. నోరు మూసేశాను."

"ఎవరండీ మీరు?"

"కంగారు పడకండి, ముక్కు వదిలేశాను. ఊపిరి ఆడుతోంది."

"ఎప్పుడు వదిలిపెడతారు?" అన్నాడు గుమాస్తా.

"గట్టిపడగానే. ఇప్పుడే తొందరపెడితే ముఖం పాడవుతుంది. ఆ తరవాత నన్నంటే లాభం లేదు," అని ఫోను పెట్టేసింది.

గుమాస్తా హెడ్మాస్టరుకూ, ఆ వెంటనే వీధి చివర పోలీస్ స్టేషనుకూ ఫోను చేశాడు. పూలగుత్తి నేలపాలైంది. ఇన్స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి రెండు గేట్లూ మూయించాడు. బస్సు టైము దగ్గర పడుతున్నా భార్య రాలేదని వెతుక్కుంటూ వచ్చిన భర్త, రెండు సంచులతో సహా వాళ్ళకు దొరికాడు.

"సంచుల్లో ఏముంది?"

"బట్టలండీ. మా ఆవిడ లోపల పని ముగిస్తే పన్నెండింటి బస్సుకు వెళ్ళిపోవాలి."

"ఏం పని?"

"ఎవరి ముఖానికో ప్లాస్టర్ వేస్తానందండి."

ఇన్స్పెక్టరు ఇంకేమీ అడగలేదు. ఆయన్నీ సంచుల్నీ వెంటబెట్టుకుని గదిలోకి దూసుకొచ్చాడు. కుర్చీలో తెల్లగా, కళ్ళు మాత్రం ఆడిస్తూ ఉన్న ఆకారం రెండు చేతులూ పైకెత్తి ఏదో చెప్పబోయింది. వెనకే పరుగెత్తుకొచ్చిన హెడ్మాస్టరు ఆయన చేతి ఉంగరం చూసి గుర్తుపట్టి, "అయ్యో, మన అధికారిగారు!" అని పక్క బెంచీ మీద కూలబడ్డారు.

తాను ప్లాస్టర్ వేసింది ఎవరికో లెక్కల టీచర్‌కు అప్పుడు తెలిసింది. కాని చేతిలో పని సగంలో వదిలే మనిషి కాదు. "అందరూ కాస్త వెనక్కి జరగండి. ఆరింది, తీసేస్తాను," అంది.

గలాటా విని పక్కగది నుంచి వచ్చిన నాటకాల మాస్టారు అడిగారు: "వ్యాజలీన్ రాశారుగా?"

"ఏ వ్యాజలీన్?"

మాస్కు ఊడివచ్చింది. కనుబొమలు ఎలాగో దక్కాయి గాని, దాంతోపాటు అధికారి మీసంలో కుడిసగం కూడా వచ్చింది. ఆయన వేసిన కేకకు కానిస్టేబుళ్ళు సైతం అటెన్షనులో నిలబడ్డారు.

ఎవరో అద్దం అందించారు. ఆయన చాలాసేపు చూసుకున్నారు. ఉద్యోగం ఎటూ పోయేదే అనుకున్నాక లెక్కల టీచర్‌కు ధైర్యం వచ్చింది. "అక్షానికి ఒక వైపే ఉందండీ. రెండో సగం కూడా తీయించేస్తే సౌష్ఠవం కుదురుతుంది," అంది.

భర్త కళ్ళు మూసుకున్నాడు.

అధికారి పెదవి తడుముకుని, జేబులోంచి ఒక కాగితం తీశారు. "ఇది శిక్షణ రద్దు చేసే ఉత్తర్వు. సంతకం ఒక్కటే బాకీ," అని దాన్ని నాలుగు ముక్కలు చేశారు. "నా సర్వీసులో ఎవరూ నాకు నిజం చెప్పలేదమ్మా. ఎవరైనా చెప్పబోయినా నేను మాట్లాడనిచ్చేవాణ్ణి కాదు. వచ్చే వేసవి నుంచి ఈ శిక్షణ పది రోజులు. నేర్పేవాళ్ళలో మీరూ ఒకరు."

"నా సెలవులండీ?" అంది ఆమె.

"పావుగంట నోరు మెదపకండి," అన్నారాయన.

మిగిలిన సగం మీసం తీయించేసి, ఊడిన సగాన్ని మాస్కు పైన అతికించి, దాన్ని ఆయన తన గదిలో, కుర్చీ వెనక గోడకు తగిలించుకున్నారు. సగమైనా మీసం దానికే ఉండడంతో, కొత్తగా అర్జీలు తెచ్చేవాళ్ళు ముందు దానికే నమస్కారం పెడుతున్నారు.