బోసినవ్వుకు ప్రథమ బహుమతి

నాగావళి దంతవైద్య మండలి వార్షిక సదస్సు భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రిసార్టులో దిగ్విజయంగా జరిగింది. రెండు రోజుల ఆ సదస్సులో పళ్ల గురించి కూడా కొంత చర్చ జరిగినట్టు తెలుస్తోంది.

అసలు ఘనత ఫొటోల పోటీది. 'చిరునవ్వుల తీరం' అని దానికి పేరు. ప్రతినిధులు నవ్వే ముఖాలను ఫొటో తీసి మండలి పేజీలో పెట్టాలి. ఎక్కువ లైకులు వచ్చిన ఫొటోకి, మీట నొక్కితే రోగి వీపు మర్దనా చేసే కుర్చీ బహుమతి. ఆ కుర్చీని కట్టుడు పళ్లు అమ్మే ఒక కంపెనీ ప్రజాసేవగా సమర్పించింది.

పోటీ నడిపే బాధ్యత విజయనగరంలో క్లినిక్కు పెట్టుకున్న డాక్టర్ బెన్హర్ మీద పడింది. బెన్హర్ మండలిలో అందరికంటే చిన్నవాడు, ఫోను బాగా వాడగలవాడు, కాదనడం చేతకానివాడు. మొదటి రెండు గుణాలనూ అధ్యక్షులు డాక్టర్ నరసింగరావు గారు వేదిక మీద మెచ్చుకున్నారు. మూడోదాన్ని వాడుకున్నారు.

పోటీ మొదలయ్యే ముందు పేజీ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి బెన్హర్‌కి ఒక నమూనా ఫొటో కావలసివచ్చింది. హాల్లో ఎవరిని అడిగినా తల దువ్వుకుని వస్తామన్నారు. వంటశాల వెనక్కి వెళితే గున్నమ్మ కనిపించింది. రిసార్టుకి రోజూ చేపలు పోసే మనిషి. ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, ఓపాలి నవ్వవా, ఫొటో తీస్తాను."

"నీ జిమ్మడ! నోట్లో ఒక్క పన్ను నేదు, ఏటి తీస్తావు బాబూ? పల్ల డాట్రువి, పల్లున్నోల్లని తియ్యి," అంది గున్నమ్మ. అని, తన మాటకి తానే కళ్లు మూసుకుని నవ్వింది. బెన్హర్ మీట నొక్కాడు. 'నమూనా మాత్రమే' అని రాసి పేజీలో పెట్టి, ఆ సంగతి మరిచిపోయాడు.

సదస్సు జోరుగా సాగింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు గారు చిగుళ్ల వ్యాధి మీద ప్రసంగించారు. ఆయన వెనక తెర మీద చిగుళ్లు కనిపించాల్సింది, పోటీ ఫొటోలు కనిపించాయి. "ఇక్కడ చీము ఎంత పట్టిందో గమనించండి" అని ఆయన వెనక్కి తిరగకుండా కర్ర చూపించారు. కర్ర చివర అధ్యక్షుల వారి సెల్ఫీ నవ్వుతోంది. సభ చప్పట్లు కొట్టింది. అధ్యక్షుల వారు లేచి నమస్కరించారు.

భోజనాల వేళకి ప్రతినిధులందరూ తమ తమ క్లినిక్కులకు ఫోన్లు చేశారు. లైకు కొట్టిన రోగికే ముందు మత్తు ఇంజెక్షను ఇవ్వాలని నరసింగరావు గారు తమ సిబ్బందిని ఆదేశించారు. దాంతో ఆయన అందరికంటే ముందుకు దూసుకొచ్చారు. అయితే నమూనా ఫొటో ఆయనకంటే ముందుంది. సాయంత్రానికి దానికి నలభై వేల లైకులు పడ్డాయి.

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. దంతవైద్యుల పోటీలో పళ్లు లేని నోరు గెలవడమంటే వృత్తి మీద ప్రజల అవిశ్వాస తీర్మానమేనని కోశాధికారి కంటతడి పెట్టారు. కనీసం ఆరు పళ్లయినా లేని నవ్వు చెల్లదని ఒక సవరణ వచ్చింది. ఆ లెక్కన మండలి వ్యవస్థాపక సభ్యులే అనర్హులవుతారని ఎవరో గుర్తుచేయడంతో అది వీగిపోయింది. చివరికి అధ్యక్షుల వారే దారి చూపించారు. ముగింపు సభలో ఆ తల్లికి వేదిక మీద పళ్లు పెడదాం అన్నారు.

"సార్, కొలతలు తీసుకోవాలి కదా. నాలుగైదుసార్లు కూర్చోబెట్టి సరిచూస్తే గానీ..." అని బెన్హర్ నసిగాడు.

"డాక్టర్ బెన్హర్! మనం చికిత్స చేయడం లేదు. సన్మానం చేస్తున్నాం."

కొలత తెలియని వైద్యుడు ఆ గదిలో ఒక్కడూ లేడు. తీర్మానం ఏకగ్రీవమైంది.

మర్నాడు గున్నమ్మకి శాలువా కప్పారు. కంపెనీ వాళ్ల స్టాలులో ప్రదర్శనకు పెట్టిన పళ్ల సెట్టు పళ్లెంలో వచ్చింది. అది ఏ భారీ మగమనిషి దవడకో సరిపోయేది. "ఈ మాతృమూర్తి నోటిలోని చీకటిని ఈనాటితో పారద్రోలుతున్నాం" అంటూ అధ్యక్షుల వారు దాన్ని లోపలికి తోశారు. గున్నమ్మ పెదాలు మూతపడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆనందబాష్పాలు!" అని అధ్యక్షుల వారు మైకులో వివరించారు. సభ లేచి నిలబడింది. బెన్హర్ ఆ ఫొటో తీశాడు.

మరుక్షణం కంపెనీ మనిషి పళ్లెం పట్టుకుని వచ్చాడు. వచ్చే వారం ఇంకో సదస్సుకి సెట్టు కావాలట. తీసే పని బెన్హర్‌కే అప్పగించారు. గున్నమ్మ దవడ నొక్కుకుని, "ఇత్తామన్నారు, మల్లీ లాక్కుంటన్నారేటి బాబూ?" అంది. బెన్హర్ సెట్టు కడిగే నెపంతో కుళాయి దగ్గరకి వెళ్లిపోయాడు.

అధ్యక్షుల వారి పేరు మీద పేజీకెక్కిన ఆ ఫొటోకి లక్ష దాటి లైకులు వచ్చాయి. కుర్చీ అధ్యక్షుల వారి క్లినిక్కుకి చేరింది.

పది రోజుల తర్వాత గున్నమ్మ విజయనగరం క్లినిక్కుకి వచ్చి గంప దించింది.

"నువ్వు తీసిన ఫొటో ఊరంతా సూసినారు. పల్లు సూపించవేటని పక్కింటి జగ్గమ్మ అడుగుతాది. నేవంటే నమ్మదు. అమ్మీసుకున్నానంట! ఏటి సెప్పమంటావు?"

బెన్హర్ ముఖం కందిపోయింది. "కూకో పెద్దమ్మా," అన్నాడు.

ఈసారి కొలతలు తీసుకున్నాడు. గున్నమ్మ వచ్చిన ప్రతిసారీ ఇక్కడ గుచ్చుకుంటాది, అక్కడ ఒత్తుతాది అని తిట్టింది. అతను తిట్లు తింటూ అరగదీశాడు. పళ్లు కుదిరిన రోజు అతని భార్య బేబీ ఇంటి నుంచి చేగోడీలు పంపింది. గున్నమ్మ ఒకటి నోట్లో వేసుకుని కరకరా నమిలింది. ఆ చప్పుడు తనకే వింతగా తోచి పకపకా నవ్వింది. బెన్హర్ ఫొటో తీసి మండలి పేజీలో పెట్టాడు.

పెట్టినవాడు ఊరుకోలేకపోయాడు. రోగుల నోళ్లు తెరిపించి మరీ మధ్యమధ్యలో ఫోను చూసుకున్నాడు. రెండు రోజుల్లో ఏడు లైకులు వచ్చాయి. అందులో ఒకటి బేబీది. 'పాత ఫొటోయే మళ్లీ పెట్టారు' అని ఒకరు రాశారు. 'ఆ కన్నీళ్లు ఇందులో లేవు, నటన తెలిసిపోతోంది' అని మరొకరు తేల్చారు. మండలి ప్రతిష్ఠ దృష్ట్యా ఫొటో తొలగించాలని అధ్యక్షుల వారు ఫోనులో కోరారు. కాదనడం చేతకాని బెన్హర్ తొలగించాడు.

చేపలు తెచ్చిన గున్నమ్మకి ఈ సంగతి సిగ్గుపడుతూ చెప్పాడు.

"ఏడుగురు సూసినారా? మా ఈదిలో ఉన్నవే ఏడు కొంపలు. సాల్దేటి?" అని ఆమె గంపెత్తుకుంది. ఆ రోజే పొరుగూరి నుంచి తిరిగొస్తున్న జగ్గమ్మకి పళ్లు చూపించే తొందరలో ఉంది.

అధ్యక్షుల వారి సన్మానం ఫొటో మాత్రం ఇప్పటికీ పేజీలో భద్రంగా ఉంది. లైకులు కొట్టిన ఆ లక్షమందిలో మీ పేరు కూడా ఉందేమో వెతుక్కోవచ్చు. దొరికితే దిగులుపడకండి. మీరు దయగల మనుషులు. అంత నొప్పిని చూసి మెచ్చుకోకుండా ఎలా ఉండగలరు?